బొమ్మ చూసి చదివే బడి

“మొద్దులందరూ లోపలికెళ్లారా ఆయమ్మా?” అని వరండా ఆ చివర నుంచి కేకేశాడు హెడ్మాస్టరు. గొడ్లను కొట్టంలో కట్టేశావా అని అడిగే రైతు గొంతులో ఇంతకంటే ఎక్కువ ఆపేక్ష ఉంటుంది.

“వెళ్తున్నారు సార్,” అంది ఆయా.

ఆమె చేతులు ఇంకా ఫినాయిల్ వాసన కొడుతున్నాయి. తెల్లారకముందే వచ్చి గదులు, వరండా, మరుగుదొడ్లు కడిగింది. బడి పంపులో నీళ్లు రాక వీధి కుళాయి నుంచి బిందెలతో మోసింది. ఆ కడిగిన వరండా మీద హెడ్మాస్టరు బురద బూట్లతో అటూ ఇటూ తిరిగి, శుభ్రంగా ఉందో లేదో పరిశీలించి, శుభ్రంగా లేదని తేల్చి మళ్లీ కడగమన్నాడు. మళ్లీ కడిగింది. ఇవాళ పెద్దాఫీసరు వస్తున్నాడు, పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో కళ్లారా చూడటానికి.

పెద్దాఫీసరు వచ్చిన ప్రతిసారీ ఈ బడిలో ఒక ఆచారం నడుస్తుంది. చదవడం రాని పిల్లల్ని వెనక సామాన్ల గదిలో పెట్టి తలుపు గడియ వేస్తారు. అక్కడ విరిగిన బల్లలు, గాలి పోయిన బంతులు, ఖాళీ డబ్బాలు ఉంటాయి. వాటి మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి, తలా రెండు బిస్కెట్లు చేతిలో పెట్టి, నోరు మెదపొద్దంటారు. కారు గేటు దాటాక గడియ తీస్తారు. ఈ బడిలో చదవడం రానివాళ్లు ఒక్కరూ లేరని ఆఫీసరు రాసుకుని వెళ్తాడు. ఆయన అబద్ధం రాశాడని అనడానికీ లేదు. ఆయనకు చూపించిన బడిలో నిజంగానే అలాంటివాళ్లు ఎవరూ లేరు.

ఆ పిల్లల్ని లోపలికి తోలడం, కిక్కురుమనకుండా చూడటం ఆయా పని. పనిలో పెట్టుకున్నప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఊడవడం, నీళ్లు మోయడం, టీ పెట్టడం వెనకాల ఇదీ వచ్చి చేరింది. రెండు మూడు నెలలకోసారి విసిరేసినట్టు ఇచ్చే జీతంలోనే ఇదీ కలిసిపోయింది. ఆమె ఈ పని బాగా చేస్తుందని పేరు కూడా. ఒకడికి ముక్కు తుడిచి, ఒకదానికి జడ బిగించి, చిన్న గొంతుతో ఏదో ఆట చెప్పి కూర్చోబెడుతుంది. ఇన్నేళ్లలో ఇందులో తప్పుందని ఆమెకు తోచలేదు. ఎవరి పిల్లలో కదా.

ఇవాళ ఆ వరసలో అందరికంటే వెనక నిలబడింది ఆమె కూతురే.

హెడ్మాస్టరు దగ్గరికొచ్చాక ఆయా కొంగుతో చేతులు తుడుచుకుంది. “సార్, మా అమ్మాయికి చదవడం రాకపోవడం కాదు సార్. కాస్త నెమ్మది. అంతే.”

“నెమ్మదిగా చదివితే దాన్ని చదవడం అనరు,” అన్నాడాయన, పిల్ల వైపు చూడకుండా గడియారం చూసుకుంటూ. “నీ కూతురని వదిలేస్తే రేపు అందరూ వచ్చి నా నెత్తినెక్కుతారు. ఇంకో మాట. ఇవాళ లోపల కూర్చున్నవాళ్లని సోమవారం నుంచి క్లాసులో కూర్చోబెట్టట్లేదు. ప్రత్యేక బృందం అని వేరే పెడుతున్నాం. పైనుంచి ఆర్డరు.”

ప్రత్యేక బృందం అంటే ఏమిటో ఆయాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కిందటేడు ఒక బృందాన్ని ఇలాగే వేరు చేశారు. వాళ్లకు టీచరు లేదు, పుస్తకం లేదు. కాస్త మట్టి ముద్ద, నాలుగు పూసలు ఇచ్చి ఆడుకోమన్నారు. కొన్నాళ్లు ఆడుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. మానేసినవాళ్లు బడి వెనక సందులో సీసాలు కడిగే షెడ్డులో కనిపించేవాళ్లు, మోచేతుల దాకా చేతులు చాకలి సోడా కలిపిన నీళ్లలో ముంచి. ఆయా రోజూ ఆ సందులోంచే ఇంటికి వెళ్తుంది. తన కూతురు ఆ షెడ్డు గుమ్మం తొక్కకూడదనే ఈ బడిలో ఇంత చాకిరీ చేస్తోంది.

ఆ పిల్ల చేసిన నేరం ఏమిటంటే, అక్షరాలు చదవడం.

నవ్వకండి. ఈ బడిలో అది నేరమే. చదువు చెప్పే పద్ధతులు ఈ బడికి కొత్త అల్లుళ్లలా వచ్చి, నాలుగు రోజులు మర్యాదలు చేయించుకుని వెళ్లిపోతుంటాయి. ముందు అక్షరాలు నేర్పాలన్నారు. తర్వాత అక్షరాలొద్దు, మాటలు నేర్పాలన్నారు. ఆ తర్వాత పాటలు పాడితే చదువు దానంతటదే వస్తుందన్నారు. పాటలు వచ్చాయి, చదువు రాలేదు. రెండేళ్ల కిందట మెడలో తాడు కార్డు వేలాడేసుకుని ఒక పెద్దమనిషి దిగాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరూ పద్ధతి సారు అంటారు. అక్షరం పసివాడి ఊహకు సంకెల అన్నాడాయన. పిల్లవాడు బొమ్మ చూడాలి, కింద ఏం రాసుంటుందో ఊహించాలి, ఊహించింది ధైర్యంగా పైకి చెప్పాలి. అదే చదవడం. వేలు పెట్టి చదవకూడదు. మాట దగ్గర ఆగకూడదు. తప్పు చెప్పినా దిద్దకూడదు, పిల్లవాడి మనసు చిన్నబుచ్చుకుంటుంది. పిల్లవాడు మొద్దు అని సామాన్ల గదిలో పెడితే మాత్రం మనసు చిన్నబుచ్చుకోదు కాబోలు, ఆ విషయంలో ఆయన ఏమీ చెప్పలేదు.

గోడల మీది అక్షరాల పటాలు పీకించేశారు. వాటిని బయట పారేయమంటే, మంచి దళసరి కాయితం కదా అని ఆయా ఇంటికి పట్టుకెళ్లి, చెమ్మ ఎక్కిన గోడకు అంటించింది. ఆమెకు చదువు రాదు, వేలిముద్ర మనిషి. ఆమె తమ్ముడు బస్సు కండక్టరు, వాళ్లతోనే ఉంటాడు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని, మేనకోడల్ని గోడ దగ్గర నిలబెట్టి ఒక్కో అక్షరం పలికించాడు. పిల్లకు అది ఆటలా ఉండి అంటుకుపోయింది. కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. కొట్టు మీది బోర్డులు, మందు చీటీలు, మామయ్య జేబులో టిక్కెట్లు, ఏది దొరికితే అది.

బడిలో పద్ధతి వేరని ఆయా చెబితే తమ్ముడు పడీపడీ నవ్వాడు. “అక్కా, బొమ్మ చూసి ఊహించుకోవడమేంటే? మా బస్సు మీద ఊరి పేరు ఉంటుంది, బొమ్మ ఉండదు. ఎక్కేవాడు డ్రైవరు మొహం చూసి ఊహించుకోవాలా?”

“ఊరుకోరా. పెద్ద చదువులు చదివినవాళ్లు వాళ్లు. నీకూ నాకూ ఏం తెలుసు,” అంది ఆయా.

కానీ అక్షరాలు అంటుకున్నప్పటి నుంచి పిల్లకు బడిలో కష్టాలు మొదలయ్యాయి. టీచరమ్మ ఏనుగు బొమ్మ చూపించగానే క్లాసంతా ఒక్క గొంతుతో, “ఏనుగు ఏటిలో దిగింది. హాయిగా స్నానం చేసింది,” అని అరుస్తుంది. ఈ పిల్ల మాత్రం వంగి, వేలు పెట్టి, “ఏ... ను... గు...” అంటుంది. వాళ్లు పుస్తకం ముగించేసరికి ఈమె మొదటి పేజీలో ఉంటుంది. నత్త అని పేరు పెట్టారు. టీచరమ్మ చెడ్డది కాదు. ఏడాదికోసారి హెడ్మాస్టరు దయతలిస్తే నిలిచే ఉద్యోగం ఆమెది, అందుకని మంచిది కూడా కాలేకపోయింది. వేలు తీసెయ్యమ్మా, బొమ్మ చూడు, అని మెత్తగా చెప్పేది. పిల్ల వేలు తీసేది. కళ్లు మాత్రం అక్షరాల మీది నుంచి తీసేది కాదు.

అలా ఇవాళ సామాన్ల గదిలోకి వచ్చింది.

కారు వచ్చింది. పెద్దాఫీసరు దిగాడు, పద్ధతి సారు దిగాడు, ఫోటోలు తీసేవాడు దిగాడు. హెడ్మాస్టరు నడుము వంచి ఎదురెళ్లిన తీరు చూస్తే, ఆ మనిషికి వెన్నెముక ఉందా అని డాక్టరుకు కూడా అనుమానం వస్తుంది. అందర్నీ మూడో తరగతి గదికి తీసుకెళ్లారు. కొత్తగా అచ్చు వేయించిన బొమ్మల పుస్తకాలు నిన్న సాయంత్రమే వచ్చాయి, పాత పుస్తకాలే, మెరిసే కాయితం మీద. పిల్లల చేతుల్లో పెట్టారు. మిగిలిన కట్టలు సామాన్ల గదిలో పడేశారు.

ఆయా టీ కప్పులు సర్దుతుంటే సామాన్ల గదిలోంచి నవ్వులు వినిపించాయి. ఆ గదికీ మూడో తరగతికీ మధ్య ఒక్క గోడే. పరుగున వెళ్లి గడియ తీసింది. పిల్లలు కట్ట విప్పేశారు. ఆమె కూతురు మధ్యలో కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని వేలు పెట్టి చదువుతోంది. మిగతావాళ్లు చుట్టూ మూగి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

“ఏంటే ఈ గోల? నా ఉద్యోగం తీయిస్తారా?”

“అమ్మా, ఈ పుస్తకం అంతా తారుమారుగా ఉంది,” అంది పిల్ల. “ఏనుగు బొమ్మ వేసి, కింద కోతి కొమ్మెక్కింది, పండు కోసుకు తింది అని రాశారు. కోతి బొమ్మ కిందేమో చేప ఈదింది అని ఉంది. అన్నీ అంతే.”

“నోరు మూసుకో. నువ్వు సరిగ్గా చదవలేదు.”

అప్పుడే గోడ అవతల నుంచి క్లాసు ఒక్క గొంతుతో అరిచింది. “ఏనుగు ఏటిలో దిగింది. హాయిగా స్నానం చేసింది.” వెనకాలే చప్పట్లు. అద్భుతం అని ఎవరో అన్నారు.

పిల్ల గోడ వైపు తిరిగింది. “వాళ్లు తప్పు చదువుతున్నారమ్మా. అక్కడ అలా లేదు.”

ఆయా చెయ్యి లేచింది. పిల్ల భుజం మీద పడింది, గట్టిగానే. అంతమంది పెద్దవాళ్లు చప్పట్లు కొడుతుంటే, ఈ గదిలో కూర్చున్న తన కూతురిదే రైటని ఎలా అనుకుంటుంది? ఆఫీసరు, హెడ్మాస్టరు, పద్ధతి సారు, అందరికీ కళ్లు లేవా? పిల్ల ఏడవలేదు. పుస్తకం తల్లి వైపు తిప్పి, వేలు పెట్టి మళ్లీ చూపించింది. “కో... తి...” అంది. “చూడమ్మా. రెండే అక్షరాలు.”

ఆ రెండు అక్షరాలు చదవలేని కళ్లతో ఆయా కాసేపు ఆ పేజీ వైపు చూసింది. తర్వాత పుస్తకం తీసుకుని, కొంగులో దాచి, గడియ వేసి, టీ పళ్లెం పట్టుకుని బయల్దేరింది. ఆమెకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

మూడో తరగతి గుమ్మం దగ్గర టీచరమ్మ చెమటలు తుడుచుకుంటోంది. ఆయా ఆమెను పక్కకు పిలిచి పుస్తకం చేతిలో పెట్టింది. “టీచరమ్మా, మీరొక్కసారి చూసి చెప్పండి. ఏనుగు బొమ్మ కింద ఏం రాసుంది?”

టీచరమ్మ చూసింది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది.

“మా పిల్ల కోతి అంటోంది.”

“కోతే,” అంది టీచరమ్మ, ఆయాకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా. “ప్రెస్సువాళ్లు బొమ్మలు ఒక పేజీ ముందుకు జరిపేశారు.”

“మరి ఇంతసేపూ ఎవరూ చూడలేదా?”

“పుస్తకంలోకి ఎవరు చూస్తారు ఆయమ్మా? పిల్లలు బొమ్మ చూశారు, ఆఫీసరుగారు కెమెరా వైపు చూశారు. నేను...” ఆగింది. “నేను ఆఫీసరుగారి మొహం చూస్తూ నిలబడ్డాను. నువ్విది ఎక్కడా అనొద్దు. వచ్చే నెల నా రెన్యువల్ ఉంది.”

ఆయా నిజానికి అనదలుచుకోలేదు. ఇన్నేళ్లలో పెద్దవాళ్లున్న గదిలో ఆమె నోరు విప్పింది లేదు. కానీ భుజం మీద దెబ్బ తిని కూడా వేలు తీయని పిల్ల కళ్లముందు కదులుతుంటే, హెడ్మాస్టరు గదిలో కప్పులు అందిస్తూ, టీచరమ్మ దగ్గర తిరిగి తీసుకున్న పుస్తకాన్ని కొంగులోంచి బయటికి తీసింది. సోమవారం నుంచి ఆ పిల్లకు క్లాసు లేదు. చదివినందుకు.

“సార్, ఒక మాట,” అంది.

గదిలో మాటలు ఆగిపోయాయి. టీ తెచ్చిన మనిషికి మాట కూడా ఉంటుందన్నది అక్కడ ఎవరికీ తట్టని విషయం.

“ఈ పుస్తకంలో బొమ్మలు తారుమారయ్యాయంట సార్. పిల్లలు చదివింది అందులో లేదంట. మా అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చదివింది. దాన్ని క్లాసులోంచి తీయకండి సార్.”

పెద్దాఫీసరు పుస్తకం తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పద్ధతి సారు ఆయన భుజం మీది నుంచి తొంగిచూశాడు. ఇప్పుడు భూమి బద్దలవుతుందని ఆయా అనుకుంది. సిగ్గుపడతారనుకుంది. పాపం, ఆమెకు వీళ్లతో ఎక్కువ పరిచయం లేదు, కప్పులు కడగడమే తప్ప.

పద్ధతి సారు మొహం మెల్లగా వెలిగింది.

“చూశారా సార్,” అన్నాడు. “అచ్చు తప్పయినా సరే, మన పిల్లల చదువు ఆగలేదు. మామూలు బడిలో అయితే ఏం జరిగేది? కోతి కోతి అని తడబడి కూర్చునేవాళ్లు. మన పద్ధతిలో పిల్లలు అచ్చు మీద ఆధారపడరు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?”

ఆఫీసరు కాసేపు ఆలోచించాడు. ఆలోచించినట్టు మొహం పెట్టాడు, అది వేరే సంగతి. “నిజమే,” అన్నాడు. “ఇది రిపోర్టులో ప్రత్యేకంగా రాయాలి.”

“మరి మా అమ్మాయి సార్?”

పద్ధతి సారు ఆమె వైపు ఎంతో దయగా చూశాడు. “అచ్చు పట్టుకుని వేలాడే పిల్లలు కొంతమంది ఉంటారమ్మా. వాళ్ల తప్పు కాదు. అలాంటివాళ్ల కోసమే ప్రత్యేక బృందం. ఇంట్లో ఎవరైనా అక్షరాలు నేర్పుతున్నారా? మానిపించండి.”

ఆయా ఖాళీ కప్పులు ఏరుకుని బయటికొచ్చింది. తొట్టి దగ్గర వాటిని కడుగుతూ, ఎప్పుడూ అనుకోని మాట ఒకటి మనసులో అనుకుంది. వీళ్లకి చదవడం వచ్చు, అయినా చదవరు. ఇన్నేళ్లూ ఈ మనుషులు ఎదురైతే పక్కకు తప్పుకుని గోడకు అంటుకుపోయింది. వీళ్లకు ఏదో తెలుసునని, తనకు తెలియదని. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా, వీళ్ల పరువు నిలవడం కోసం తన చేత్తో గడియ వేసిన పిల్లలందరి మొహాలూ గుర్తొచ్చాయి. కిందటేటి పిల్లలవి కూడా. వాళ్లలో ఇద్దరు నిన్న సాయంత్రం సీసాల షెడ్డు ముందు ఆమెకు నమస్తే కూడా పెట్టారు.

కారు వెళ్లిపోయింది. ఆయా వెళ్లి గడియ తీసింది. పిల్లలు వరండాలోకి వచ్చి వెలుగుకు కళ్లు చికిలించారు. కూతురు దగ్గరికొస్తే భుజం తడిమింది.

“నొప్పా?”

“లేదు.”

“నువ్వు చదివిందే రైటంటమ్మా. టీచరమ్మ చెప్పింది.”

“నాకు తెలుసు కదా,” అంది పిల్ల, ఇందులో అంతగా చెప్పేదేముందన్నట్టు.

హెడ్మాస్టరు ఫోను చెవికి పెట్టుకుని గాభరాగా వచ్చాడు. ఆఫీసరుకు ఎంత నచ్చిందంటే, పుస్తకాలకు డబ్బిచ్చే పెద్దమనుషుల్ని దారిలోనే ఆపి, వెంటనే ఈ బడికి వెళ్లి చూడమని పంపించాడట. సందు మలుపులో ఉన్నారట.

“ఏంటి ఆయమ్మా, అప్పుడే బయటికి వదిలావు? తోలు, తోలు. లోపలికి తోలు. ఇందాక నోరు జారావు, సరే, ఆయన మంచివాడు గనక సరిపోయింది. తొందరగా కానీ.”

ఆయా సామాన్ల గది గడప మీద కూర్చుంది.

“నేను పెట్టను సార్,” అంది.

“ఏంటి?”

“వీళ్లని లోపల పెట్టను. ఇవాళ పెట్టను, ఇంకెప్పుడూ పెట్టను.”

“నీకు ఉద్యోగం వద్దా?”

కావాలి. ఇంటి అద్దె ఉంది, తమ్ముడి జీతం ఒక్కటే చాలదు. ఈ బడిలోంచి వెళ్లగొడితే ఆమెకు మిగిలేది ఆ సీసాల షెడ్డే, అది ఆమెకు తెలుసు. కానీ లేవలేదు.

“ఊడిస్తాను సార్, కడుగుతాను, ఏ పనైనా చేస్తాను. ఇది మాత్రం చెయ్యను.”

గేటు బయట హారన్ మోగింది. హెడ్మాస్టరు ఆమెను తిట్టబోయి, టైము లేదని మానుకుని, తానే పిల్లల మీదికి చేతులు ఊపాడు. “పదండి, పదండి లోపలికి.” పిల్లలు కదల్లేదు. ఆయా చెబితే తప్ప వాళ్లు ఎప్పుడూ ఆ గదిలోకి వెళ్లలేదు. ఆమె ఏమంటుందోనని ఆమె మొహంకేసి చూస్తున్నారు. గడప మీద ఆమె కూర్చునే ఉంది, అడ్డంగా.

ఆయన ముందున్న పిల్లవాడి రెక్క పట్టుకున్నాడు. “ఒరేయ్, నువ్వు... ఒరేయ్...” పేరు రాలేదు. మూడేళ్లుగా ఆ పిల్లవాడు ఆయన బడిలోనే ఉన్నాడు. “వీడి పేరేంటి ఆయమ్మా?”

ఆమెకు అందరి పేర్లూ తెలుసు. ఎవరికి రాత్రుళ్లు దగ్గు వస్తుందో, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వస్తారో కూడా తెలుసు. ఆమె గడప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

గేటు కీచుమంటూ తెరుచుకుంది. ఎవరో నవ్వుతూ కారు దిగుతున్న చప్పుడు. హెడ్మాస్టరు ఆ పిల్లవాణ్ని వదిలేసి, పుస్తకం చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డ ఆడపిల్ల వైపు తిరిగాడు.

“పోనీ, దీని పేరు?” అన్నాడు, ఆయా కూతురి భుజం మీద చెయ్యి వేసి.